విక్టోరియన్ ప్రేమకథలో అసలు అడ్డుగోడ దస్తావేజుల పెట్టెలో ఉంటుంది

విక్టోరియా కాలపు ఇంగ్లండు నేపథ్యంగా కుటుంబగాథ రాయబోయేవాళ్ల తొలి చిత్తుప్రతిలో ఒక సన్నివేశం తరచూ కనిపిస్తుంది. దొరగారి పెద్దకొడుకు ఇంట్లో పనిచేసే పిల్లను ప్రేమిస్తాడు. తండ్రి అతన్ని లైబ్రరీలోకి పిలిపించి, బల్ల గుద్ది, "దాన్ని చేసుకున్నావంటే ఈ ఎస్టేటులో నీకు చిల్లిగవ్వ రాదు" అంటాడు. కొడుకు తలుపు దడాలున వేసి వెళ్లిపోతాడు. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ కాలపు పెద్ద ఎస్టేట్లలో చాలావాటికి ఉన్న ఏర్పాటే ఈ ఎస్టేటుకూ ఉంటే, ఆ మాట అనే అధికారం తండ్రికి లేదు. ఆ సంగతి తండ్రికి తెలుసు, కొడుక్కి తెలుసు, కుటుంబ వకీలుకు మరీ బాగా తెలుసు. తెలియనిది రచయితకే.

దొరలు పనివాళ్లను పెళ్లాడకూడదన్న చట్టం కూడా ఆ కాలంలో లేదు. 1772 నాటి చట్టం ప్రకారం సింహాసనం మీదున్నవారి అనుమతి అడగాల్సింది రాజకుటుంబీకులే. మిగతావాళ్లు, ఎర్లు, బ్యారొనెట్ల లాంటి బిరుదుదారులైనా, స్క్వైర్లనే పల్లె భూస్వాములైనా, ఎవరినైనా చేసుకోవచ్చు. ఎర్లుగారు వంటమనిషిని చేసుకుంటే ఆమె ఆ క్షణం నుంచే కౌంటెస్. మరి నిషేధం ఎక్కడుంది? భూమిని తరాల పేరున రాసిపెట్టిన తీరులో ఉంది, పనిపిల్ల చేతికిచ్చే నడవడిక పత్రంలో ఉంది, పెళ్లి రిజిస్టరు గడుల్లో ఉంది, టపా సంచి తాళంలో ఉంది. ఇవి తెలియకుండా రాస్తే విలన్ తండ్రి ఒక్కడే మిగులుతాడు. తెలిసి రాస్తే మంచివాళ్లు కూడా ఆ ప్రేమకు అడ్డుపడక తప్పని పరిస్థితి వస్తుంది. గాథకు బలం అదే.

ముందుగా భూమి సంగతి, ఎందుకంటే మిగతావన్నీ దాన్ని పట్టుకునే వేలాడతాయి. స్ట్రిక్ట్ సెటిల్‌మెంట్ అనే దస్తావేజు ప్రకారం భవనంలో ఉంటున్న దొర ఆ భూమికి పూర్తి యజమాని కాడు, బతికున్నన్నాళ్లు అనుభవించేవాడు మాత్రమే. కౌళ్ల మీద వచ్చే డబ్బు అతనిది. భూమిని వీలునామాలో వేరెవరికీ రాయలేడు, దస్తావేజులో ప్రత్యేకంగా రాసుంటే తప్ప 1882 దాకా అమ్మడమూ సులువు కాదు. అతని తర్వాత భూమి పెద్దకొడుక్కి వెళ్తుంది. ఆ కొడుక్కి 21 నిండిన రోజున ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. తండ్రీ కొడుకూ కలిసి సంతకం పెడితే పాత కట్టడిని తెంచి కొత్తది రాసుకోవచ్చు. 1833 చట్టం ప్రకారం తండ్రి బతికుండగా అతని సమ్మతి లేకుండా కొడుకు ఒక్కడే ఆ కట్టడిని పూర్తిగా తెంచలేడు.

అందుకే ఇరవయ్యొకటో పుట్టినరోజుకు కౌలుదార్లందరికీ విందు, ఉపన్యాసాలు, బాణసంచా. వేడుక సద్దుమణిగాక వకీలు తెచ్చిన కాగితం. "దీని మీద సంతకం పెట్టు, ఏటా నీకింత భత్యం ఇస్తాను" అంటాడు తండ్రి. పెడితే చేతికి డబ్బొస్తుంది, కానీ కొడుకు కూడా తండ్రిలాగే ఉత్త అనుభవదారుడైపోతాడు, అసలు హక్కు ఇంకా పుట్టని మనవడికి జారిపోతుంది. అతని భార్య విధవ అయితే ఏటా ఎంత రావాలో, చిన్నపిల్లలకు ఎంత పంచాలో కూడా ఆ కాగితమే తేలుస్తుంది. పెట్టకపోతే తండ్రి పోయేదాకా చేతిలో కాసు ఆడదు. పనిపిల్లను ప్రేమించిన యువకుడి కష్టమంతా ఈ సంతకంలో ఉంది. ఆమెతో కాపురం పెట్టడానికి ఇప్పుడు డబ్బు కావాలి, ఆ డబ్బు కావాలంటే రేపటి స్వేచ్ఛను అమ్ముకోవాలి. బల్ల గుద్దే సన్నివేశం తీసేసి ఇది రాయండి. ఎవరూ గొంతు పెంచనక్కర్లేదు.

సంతకం పెట్టని కొడుకు మీద తండ్రి చేయగలిగినవి లేకపోలేదు. భత్యం ఆపొచ్చు. కట్టడిలో లేని డబ్బు, వాటాలు, విడిగా కొన్న పొలాలు ఇంకొకరికి రాయొచ్చు. దస్తావేజు అనుమతిస్తే కలప కొట్టించి అమ్ముకోవచ్చు. తాతల నాటి ఓక్ చెట్లు వరసగా కూలుతుంటే కిటికీలోంచి చూసే కొడుకు, ఒక్క మాట లేకుండా ఎంత చెప్తాడో ఆలోచించండి. కొడుకేమో రాబోయే ఆస్తిని చూపించి వడ్డీవ్యాపారుల దగ్గర అప్పు చేస్తాడు. అలా అప్పుచేసిన వారసుడు లార్డ్ ఎయిల్స్‌ఫర్డ్ కేసులో వడ్డీ 60 శాతం దాటింది, 1873లో కోర్టు దాన్ని అన్యాయపు బేరమని తేల్చి అసలు, 5 శాతం వడ్డీ కట్టమంది. ఇంత వివరం చేతిలో ఉంటే వడ్డీవ్యాపారి పాత్రను ఊహించి రాయనక్కర్లేదు.

చెల్లెళ్లను మర్చిపోవద్దు. వాళ్ల పెళ్లిళ్లకిచ్చే సొమ్ము భూమి మీద భారంగా రాసి ఉంటుంది. పెద్దకోడలు తెచ్చే డబ్బుతో ఆ భారం దించడం చాలా ఇళ్లలో పద్ధతి. కోడలు కట్టుబట్టలతో వస్తే చెల్లెళ్ల వాటా ఎక్కడినుంచి రావాలి? లెక్క చూడండి. ఆడపిల్లకు 10,000 పౌండ్లు ఇచ్చి కాన్సోల్స్ అనే ప్రభుత్వ బాండ్లలో పెడితే, 3 శాతం చొప్పున ఏటా 300 పౌండ్లు వస్తాయి, మర్యాదగా బతకడానికి అది చాలు. ఆ 10,000 లేకపోతే అన్న ప్రేమపెళ్లి చెల్లెలి అవివాహ జీవితం అవుతుంది. అన్నను ప్రాణంగా చూసుకునే చెల్లెలే పనిపిల్ల ఉత్తరాన్ని తల్లికి అందించడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

కట్టడి లేని ఆస్తి ఉన్నవాడికి ఇవేవీ వర్తించవని చెప్పడానికి నిజమైన ఉదాహరణ సస్సెక్స్‌లోని అప్‌పార్క్ భవనం. దాని యజమాని సర్ హ్యారీ ఫెదర్‌స్టన్‌హా 1825లో, 70 దాటిన వయసులో, తన డెయిరీలో పనిచేసే మేరీ ఆన్ బుల్లక్‌ను పెళ్లాడాడు. ఆమెను పారిస్ పంపి చదువు చెప్పించాడు. 1846లో చనిపోతూ మొత్తం ఆమెకే వదిలాడు. ఆమె 1874 దాకా ఆ భవనంలో దొరసానిగా బతికి, తర్వాత దాన్ని తన చెల్లెలికి ఇచ్చింది. ఇరుగుపొరుగు ఏమన్నా కాగితం ఆమె పక్షాన ఉంది.

ఇక పెళ్లి. దొంగచాటుగా పెళ్లి చేసుకోవడానికి దారులు ఎన్నో లేవు, ఒక్కోదానికి ఒక్కో చిక్కు. బ్యాన్స్ పద్ధతిలో వధూవరులు ఉంటున్న పారిష్ (చర్చి పరిధి)లోని చర్చిలో మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ బయటికి చదవాలి, మూడు నెలల్లోపు పెళ్లి జరగాలి. సొంత ఊరి చర్చిలో ఇది కుదరని పని. కానీ లండన్‌లో వేలమంది ఉండే పారిష్‌లో కురేట్ అనే సహాయ పాస్టరు గబగబా చదివే ఇరవై జంటల పేర్లలో ఈ జంట ఎవరికీ వినిపించదు. ఇక్కడే ఒక సూక్ష్మం. 21 నిండనివాళ్ల తల్లిదండ్రులు ఆ చదివేటప్పుడే లేచి వద్దని చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. వార్త విన్న తండ్రి రైలెక్కి మూడో ఆదివారం ప్రార్థన ముగిశాక చేరితే లాభం లేదు.

లైసెన్స్ దారిలో పేర్లు చదవరు, పదిహేను రోజుల నివాసం మాత్రం ఉందని ఒకరు ప్రమాణం చేయాలి. వయసు చాలనివాళ్లయితే తండ్రి అనుమతి ఉందని కూడా ప్రమాణం చేయాలి. అబద్ధపు ప్రమాణం నేరం. కానీ 1823 చట్టం తర్వాత ఆ అబద్ధం వల్ల పెళ్లి చెల్లకుండా పోదు. "అబ్బాయికి 20 ఏళ్లే, కాబట్టి పెళ్లి రద్దు" అని వకీలు చేత చెప్పించే కథలు ఇక్కడ పప్పులో కాలేస్తాయి. పెళ్లి నిలుస్తుంది, అబద్ధమాడినవాడు ఇరుక్కుంటాడు.

1837 జూలై 1 నుంచి రిజిస్ట్రారు ఆఫీసులో, మతంతో పని లేకుండా పెళ్లి చేసుకునే వీలు వచ్చింది. అయితే 1856 దాకా ఆ పెళ్లి నోటీసులను పేదల సంరక్షణ చూసే గార్డియన్ల వారపు సమావేశాల్లో చదివేవారు. దిక్కులేని పేదలుండే వర్క్‌హౌస్ ఖర్చుల లెక్కల నడుమ దొరగారి వారసుడి పేరు వినబడటమంటే చర్చి గంట కంటే పెద్ద చప్పుడే. ఆ తర్వాత ఇది మారింది. రిజిస్ట్రారు లైసెన్స్ తీసుకుంటే నోటీసుకూ పెళ్లికీ మధ్య ఒక్క పూర్తి రోజు ఎడం చాలు. 1889లో ఎర్ల్ ఆఫ్ క్లాంకార్టీ వారసుడు వైకౌంట్ డన్లో, ఇంకా 21 నిండకుండానే, మ్యూజిక్ హాల్ గాయని బెల్ బిల్టన్‌ను రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లాడాడు. తండ్రి కొడుకును ఆస్ట్రేలియా పంపించగలిగాడు గానీ పెళ్లిని చెరపలేకపోయాడు. 1890లో విడాకుల దావా నడిచింది, జ్యూరీ ఆమె వైపే తీర్పు చెప్పింది. మరుసటి ఏడు మామ పోయాడు, ఆమె కౌంటెస్ అయింది.

స్కాట్లండు సరిహద్దులోని గ్రెట్నా గ్రీన్ అందరికీ తెలిసిన పేరే. ఆ రోజుల్లో అక్కడ సాక్షుల ముందు "మేం భార్యాభర్తలం" అంటే సరిపోయేది. మీ కథ 1857కు ముందుదైతేనే రాత్రికి రాత్రి పరుగు పెట్టించండి. ఆ ఏడు నుంచి ఇద్దరిలో ఒకరు 21 రోజులు స్కాట్లండులో ఉంటేనే పెళ్లి చెల్లేది. 1870ల కథలో గ్రెట్నాకు గుర్రబ్బండి తోలిస్తే పొరపాటే.

ఇంకో రెండు వివరాలు. ఇంగ్లండులో మామూలు పెళ్లి ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 లోపే జరగాలి, 1886లో దాన్ని 3 గంటల దాకా పెంచారు. కొవ్వొత్తుల వెలుగులో రాత్రి పెళ్లి కావాలంటే క్యాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఇచ్చే ప్రత్యేక లైసెన్స్ ఉండాలి, అది రహస్యంగా దొరికేది కాదు. మారుపేర్ల సంగతి: బ్యాన్స్‌లో తప్పుడు పేరు ఉందని ఇద్దరికీ తెలిసుంటేనే పెళ్లి చెల్లదు. ఒకరికే తెలిస్తే చెల్లుతుంది. అబ్బాయి మారుపేరు పెట్టి అమ్మాయిని మోసం చేశాననుకుంటాడు. ఆమెకు నిజం తెలియదు కాబట్టి ఆమె నిజంగానే అతని భార్య. ఇరవై ఏళ్ల తర్వాత ఈ ఒక్క అంశం మీద కుటుంబం కూలిపోవచ్చు. కోర్టులో తేలాల్సింది "ఆ రోజున ఆమెకు తెలుసా, తెలియదా" అన్న ఒక్క ప్రశ్నే.

పెళ్లి రిజిస్టరులో వధూవరుల పేర్లు, వయసు, అంతకుముందు పెళ్లి అయిందా లేదా, హోదా లేదా వృత్తి, నివాసం, తండ్రి పేరు, తండ్రి హోదా లేదా వృత్తి అని గడులుంటాయి. వరుడి తండ్రి గడిలో బ్యారొనెట్, దాని కిందే వధువు తండ్రి గడిలో కూలీ. తండ్రెవరో తెలియని పిల్ల అయితే ఆ గడి ఖాళీ. చదువు రానిదైతే సంతకం చోట X గుర్తు. వర్గభేదాన్ని అచ్చు గీతల మధ్య ఇంత స్పష్టంగా చూపించే కాగితం ఇంకోటి దొరకదు. పైగా ఇది ఎవరైనా తెప్పించుకోగల కాగితం. ఆ రోజుల్లో లండన్ సోమర్‌సెట్ హౌస్‌లో మూడేసి నెలలకు ఒక సూచిక ఉండేది, వెతకడానికి 1 షిల్లింగు (పౌండులో ఇరవయ్యో వంతు), ధ్రువీకరించిన నకలుకు 2 షిల్లింగుల 6 పెన్నీలు. తండ్రి పంపిన గుమాస్తా సంవత్సరం తెలిస్తే ఒక్క పూటలో పట్టేస్తాడు.

పనిపిల్ల వైపు కథకు అందరూ తక్కువ శ్రద్ధ పెడతారు. ముందు ఆమె ఉద్యోగం సరిగ్గా ఎంచుకోండి. అంట్లు తోమే స్కల్లరీ మెయిడ్‌కు పెద్దింట్లో దొరబిడ్డ ముఖం కనబడే అవకాశం దాదాపు లేదు, ఆమె లోకం నేలమాళిగలోనే. తెల్లవారకముందే డ్రాయింగ్ రూములో పొయ్యి రాజేసే హౌస్‌మెయిడ్‌కు, కూతురి గదిలో తిరిగే లేడీస్ మెయిడ్‌కు, పిల్లల గదిలో ఉండే నర్స్‌మెయిడ్‌కు ఆ అవకాశం ఉంది. ఇంట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పే గవర్నెస్ వేరే కోవ. ఆమె పుట్టుకతో మర్యాదస్తుల పిల్ల, డబ్బు లేక వచ్చింది, కాబట్టి అడ్డంకీ వేరే రకం. ఎస్టేటు మేనేజరు కూతురు, పెద్ద కౌలుదారు కూతురు ఇంకో మెట్టు. "పేదపిల్ల" అని ఊరుకుంటే ఈ మెట్లన్నీ మాయమైపోతాయి.

1861లో అచ్చయిన గృహనిర్వహణ గ్రంథంలో ఏడాది జీతాలు ఇలా ఉన్నాయి: స్కల్లరీ మెయిడ్‌కు 5 నుంచి 9 పౌండ్లు, పెద్ద హౌస్‌మెయిడ్‌కు 12 నుంచి 20, లేడీస్ మెయిడ్‌కు 12 నుంచి 25, వంటమనిషికి 14 నుంచి 30, హౌస్‌కీపర్‌కు 20 నుంచి 45. తిండి, బస ఇంటివే. ఉదయం వేసుకునే అచ్చు గుడ్డ గౌను, మధ్యాహ్నం నల్లగౌను సాధారణంగా ఆమె సొంత ఖర్చు. జీతం నెలనెలా వస్తుందనుకోకండి, మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25 అన్నవి లెక్కలు తేల్చే రోజులు. కాబట్టి ఫిబ్రవరిలో పారిపోయే పిల్ల చేతిలో డబ్బుండదు. మానుకోవాలన్నా మాన్పించాలన్నా నెల గడువు లేదా నెల జీతం. తప్పు మోపి పంపిస్తే ఆ నెల జీతం కూడా లేదు.

జీతం కంటే భయపెట్టేది నడవడిక పత్రం, వాళ్ల మాటలో క్యారెక్టర్. ఈ పిల్ల నిజాయితీపరురాలు, ఒళ్లు వంచి పనిచేస్తుంది, పొద్దున్నే లేస్తుంది అని దొరసాని ఇచ్చే మాట. ఇవ్వాలన్న బాధ్యత దొరసానికి చట్టంలో లేదు. లేనిది ఉన్నట్టు రాసిస్తే మాత్రం 1792 చట్టం కింద 20 పౌండ్ల జరిమానా. దొరసాని అరవనక్కర్లేదు, కొట్టనక్కర్లేదు, పత్రం రాయకుండా కలం పక్కన పెడితే చాలు. ఆ పిల్లకు ఇంకో మంచి ఇంటి తలుపు తెరుచుకోదు. జాలిగల హౌస్‌కీపర్ ఆమె కోసం దొంగ పత్రం రాస్తే ఆ రాసిన చేతికీ ప్రమాదమే. చిన్నపాత్రకు ఇంత ధైర్యం దొరికే చోటు వదులుకోవద్దు.

పేరు కూడా ఆమెది కాకపోవచ్చు. దొరగారి కూతురి పేరే పనిపిల్లదీ అయితే ఆమెను ఇంకో పేరుతో పిలుస్తారు. ఫుట్‌మన్ అనే మగ నౌకరు ఎవరొచ్చినా జాన్ లేదా జేమ్స్ అని పిలిచే ఇళ్లున్నాయి. హౌస్‌మెయిడ్‌ను మొదటి పేరుతో, లేడీస్ మెయిడ్‌నూ బట్లర్‌నూ ఇంటిపేరుతో, హౌస్‌కీపర్‌ను పెళ్లి కాకపోయినా మిసెస్ అని పిలవాలి. ప్రేమించినవాడు ఆమె అసలు పేరు అడిగే ఘట్టం ఒక్కటి చాలు, ముద్దు అవసరం లేదు.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో వరం ఉంది. ఇంగ్లిషులో ఇద్దరికీ ఒకటే సంబోధన, మనకు "మీరు", "నువ్వు", "అండి" ఉన్నాయి. అతను మొదటినుంచీ ఆమెను "నువ్వు" అనే అంటాడు, అందులో ప్రేమ లేదు, అలవాటుంది. ఆమె "చిన్నదొరగారూ, మీరు" నుంచి "నువ్వు"కు ఎప్పుడు దిగుతుంది, ఎవరి ముందు మళ్లీ "మీరు"కు ఎక్కుతుంది అన్నది అధ్యాయాల వారీగా ముందే రాసిపెట్టుకోండి. మధ్యలో ఒక్కచోట నోరు జారితే బట్లర్ చెవిన పడుతుంది. పెళ్లయ్యాక కూడా ఆమె నోట "మీరు" పోకపోతే అదీ ఒక కథే.

ఉత్తరాల విషయం త్వరగా చెప్తాను. 1840 జనవరి 10 నుంచి అర ఔన్సు ఉత్తరం పెన్నీకే దేశమంతా వెళ్తుంది, కాబట్టి డబ్బు అడ్డు కాదు. పల్లెల్లోని పెద్దిళ్లకు టపా తాళం వేసిన సంచిలో వస్తుంది, దాన్ని దొర తెరుస్తాడు. పనిపిల్లకు నాలుగోసారి లండన్ ముద్రతో ఉత్తరమొస్తే కనిపెట్టేస్తాడు. అందుకే పక్క ఊరి పోస్టాఫీసులో "వచ్చి అడిగేదాకా ఉంచాలి" అని రాయించి తెప్పించుకోవాలి. టెలిగ్రాం 1870 నుంచి 20 మాటలకు 1 షిల్లింగు, 1885 నుంచి 12 మాటలకు 6 పెన్నీలు. కానీ దాన్ని పంపే గుమాస్తా చదువుతాడు, అందుకునే గుమాస్తా చదువుతాడు.

బిడ్డ పుట్టే భాగం దగ్గర తప్పులు ఎక్కువ, అందుకే ఇక్కడ నిదానంగా. 1834 పేదల చట్టం తర్వాత పదేళ్లపాటు పెళ్లికాని తల్లి స్వయంగా బిడ్డ తండ్రి మీద దావా వేయలేకపోయింది. 1844 నుంచి మెజిస్ట్రేట్ల ముందుకు వెళ్లొచ్చు, వారానికి గరిష్ఠంగా 2 షిల్లింగుల 6 పెన్నీలు ఇప్పిస్తారు. 1872లో దాన్ని 5 షిల్లింగులు చేశారు. ఆమె మాట ఒక్కటే చాలదు, దాన్ని బలపరిచే ఇంకో సాక్ష్యం ఉండాలి. ఆ మెజిస్ట్రేటు కుర్చీలో కూర్చునేది చాలా ఊళ్లలో ఆ చుట్టుపక్కల దొరలే. 1875 నుంచి పెళ్లికాని తల్లి బిడ్డ జనన రిజిస్టరులో తండ్రి పేరు ఎక్కాలంటే తండ్రి కూడా వచ్చి తల్లితో పాటు సంతకం పెట్టాలి.

తల్లి ఆ తర్వాత అదే మనిషిని పెళ్లాడినా, ఇంగ్లండు చట్టంలో ముందు పుట్టిన బిడ్డ సక్రమ సంతానం కాడు. ఆ వెసులుబాటు 1926లోగానీ రాలేదు. స్కాట్లండులో మాత్రం తర్వాతి పెళ్లి బిడ్డను సక్రమం చేస్తుంది. "అయితే గ్రెట్నాకు వెళ్తే సరి" అనుకోకండి, చూసేది పెళ్లి జరిగిన చోటును కాదు, తండ్రి స్థిరనివాసం ఎక్కడన్నది. అది స్కాట్లండే అయినా, అలా సక్రమమైన కొడుకు ఇంగ్లండులోని భూమికి వారసుడు కాలేడని 1840లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఇక మిగిలింది ఒకటే: పెళ్లి ముందు, పుట్టుక తర్వాత. ఎడం ఒక్క గంటైనా చాలు. నొప్పులు మొదలైన పిల్లను తెల్లవారుజామున బండెక్కించి చర్చికి తీసుకొస్తారు, గడియారం పన్నెండు దాటితే పాస్టరు పెళ్లి చేయడు. పదకొండున్నరకు సంతకాలయ్యి, సాయంత్రం పుడితే ఆ బిడ్డ వేల ఎకరాలకు వారసుడు. పొద్దున్నే పుట్టేస్తే ఏమీ కాడు. తర్వాత అదే తల్లికి పుట్టిన తమ్ముడే వారసుడు. ఒకే ఇంట్లో పెరిగే ఇద్దరన్నదమ్ములకు మూడు తరాల పగ రగిలించడానికి ఈ కొద్ది గంటలు చాలు.

బిడ్డను వదిలేసే సన్నివేశంలో చాలామంది లండన్ ఫౌండ్లింగ్ ఆసుపత్రి అనే అనాథాశ్రమం గుమ్మం ముందు, సగం విరిచిన నాణెం గుర్తుగా పెట్టి, చీకట్లో మాయమయ్యే తల్లిని రాస్తారు. గుర్తులు పెట్టే పద్ధతి పద్దెనిమిదో శతాబ్దపుది. విక్టోరియా కాలం నాటికి తల్లి దరఖాస్తు పెట్టుకోవాలి, బిడ్డ తండ్రి వదిలేసి వెళ్లాడనీ, ఇది తన మొదటి బిడ్డ అనీ, అంతకుముందు తన నడవడి మంచిదనీ కమిటీ ముందు ఒప్పించాలి. చేర్చుకున్నాక బిడ్డకు కొత్త పేరు పెడతారు. పాత పేరుతో వెతికే మూడోతరం వాళ్లకు ఆ బిడ్డ దొరకడు.

దొరగారి కూతురు గుర్రాలవాణ్ని ప్రేమిస్తే లెక్క తిరగబడుతుంది. ఎర్లు కూతురు బిరుదు లేని మామూలు మనిషిని చేసుకున్నా "లేడీ మేరీ" అన్న గౌరవం పోదు, దాని వెనక అతని ఇంటిపేరు చేరుతుందంతే. కానీ 1883 జనవరి 1కి ముందు పెళ్లయితే, ట్రస్టీల చేతుల్లో విడిగా కట్టిపెట్టని ఆమె డబ్బూ నగలూ భర్తవైపోతాయి. అందుకే తండ్రి అతన్ని డబ్బు కోసం వలవేసిన మోసగాడనుకోవడంలో కొంత న్యాయముంది. ఆమె 21 నిండని ఆస్తిపరురాలైతే, మాయమాటలతో తీసుకెళ్లడం 1861 చట్టం కింద ఘోరనేరం. చాన్సరీ కోర్టు సంరక్షణలో ఉన్న పిల్లనైతే కోర్టు అనుమతి లేకుండా పెళ్లాడినవాడు కోర్టు ధిక్కారానికి జైలుకెళ్తాడు. 1883 తర్వాత ఆమె ఆస్తి ఆమెదే కాబట్టి, అదే ప్రేమకు అదే తండ్రి చెప్పే కారణం మారాలి.

వీలునామాలో రెండు మూడు సంగతులు చాలు. 1838 నుంచి ఇద్దరు సాక్షులు ఒకేసారి ఎదురుగా ఉండాలి. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆ వీలునామాలో ఏదైనా రాస్తే అది చెల్లదు, మిగతా వీలునామా చెల్లుతుంది. ముసలి బట్లర్ చేత సాక్షి సంతకం పెట్టించి అతనికే 100 పౌండ్లు రాసిన దొర, తెలియకుండానే అతనికి అన్యాయం చేసినట్టు. పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా రద్దవుతుంది. అంటే రహస్యపు పెళ్లి బయటపడిన రోజున, అందరూ నమ్ముకున్న వీలునామా చిత్తుకాగితం. "మా ఒప్పుదల లేకుండా పెళ్లి చేసుకుంటే ఈ సొమ్ము పోతుంది" అని రాసేటప్పుడు, పోయిన సొమ్ము ఎవరికి చేరాలో కూడా రాయాలి. రాయకపోతే అది ఉత్త బెదిరింపు అని కోర్టు కొట్టేస్తుంది. కథలో మంచి వకీలుకూ చెడ్డ వకీలుకూ తేడా ఈ ఒక్క వాక్యం.

తరాల తారీఖులు ముందు వేసుకోండి. తాత 1820లో పుట్టి 1846లో పెళ్లాడితే గ్రెట్నా ఇంకా తెరిచే ఉంది, భార్యకు సొంత ఆస్తి లేదు, పెళ్లి తెంచడానికి పార్లమెంటు చట్టం కావాలి. కొడుకు 1847లో పుడితే 1868లో ఆ సంతకం. అతని నడివయసుకు 1879 వానలు, అమెరికా గోధుమల రాకతో కౌళ్లు పడిపోవడం. 1882 చట్టంతో అనుభవదారుడికీ భూమి అమ్మే వీలు. మనవరాలు 1872లో పుడితే ఆమెకు 21 వచ్చేనాటికి ఆస్తి ఆమెదే, 1894లో చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే కొత్త ఎస్టేట్ సుంకం వచ్చి ఇంటినే కదిపేస్తుంది. అప్పుడు డబ్బున్న షాపు యజమాని కొడుకును కాదనే ధైర్యం ఆ ఇంటికి ఉండదు. జనాభా లెక్కల రాత్రులు కూడా పక్కన రాసుకోండి: 1851 మార్చి 30, 1861 ఏప్రిల్ 7, 1871 ఏప్రిల్ 2, 1881 ఏప్రిల్ 3, 1891 ఏప్రిల్ 5. ఆ రాత్రి ఏ కప్పు కింద ఎవరు పడుకున్నారో, ఎవరు ఏ హోదాలో రాయించుకున్నారో కాగితం మీద ఉండిపోతుంది. రహస్య భార్య ఆ గడిలో ఏమని రాయించుకుంటుంది?

ఈ ప్రశ్నకు దగ్గరగా బతికిన జంట ఉంది. ఆర్థర్ మన్బీ చదువుకున్న మర్యాదస్తుడు, హన్నా కల్విక్ పాత్రలు తోమి, గచ్చు కడిగి బతికే పనిమనిషి. 1854లో లండన్ వీధిలో కలిశారు, 1873 జనవరిలో గుట్టుగా పెళ్లి చేసుకున్నారు. పెళ్లయ్యాక కూడా ఆమె అతని ఇంట్లో పనిమనిషిగానే మెలిగింది. విదేశాలకు వెళ్లినప్పుడు దొరసాని దుస్తులు వేసుకునేది, తిరిగొచ్చాక మళ్లీ గచ్చు కడిగేది. దొరసానిగా ఉండటం ఆమెకే ఇష్టం లేదు, కష్టపడి సంపాదించుకునే స్వేచ్ఛను వదులుకోనంది. 1877 తర్వాత వేర్వేరుగా ఉన్నా 1909లో ఆమె పోయేదాకా ఆ బంధం తెగలేదు. మరుసటి ఏడు అతనూ పోయాడు. ఇద్దరి డైరీలూ ఫొటోలూ ఉన్న పెట్టెలను కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీకి ఇస్తూ 1950 దాకా తెరవొద్దని షరతు పెట్టాడు. వాటిలో ఆమె రోజూ ఎన్ని జతల బూట్లు తుడిచిందో, ఏ పొయ్యి బూడిద ఎత్తిందో ఆమె చేతిరాతలోనే ఉంది.